మెనూ లేని పెట్టెలో పాట

నాకు వీడియో గేములు ఆడటం రాదు. నాంపల్లి స్టేషన్ ఎదురుసందులో తొమ్మిదేళ్ళు వీడియో గేమ్ పార్లర్ నడిపిన మనిషి ఈ మాట అంటే ఎవరూ నమ్మరు. మిఠాయి కొట్టాయన మిఠాయి ముట్టడంటే నమ్ముతారు, నా దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతివాళ్ళకీ విడ్డూరమే. "ఒక్క రేసన్నా ఆడలేదా ఆంటీ?" అని అడిగేవారు పిల్లలు. ఆడాను. మొదటి మలుపులోనే గోడను గుద్దాను. వెనకాల నవ్వినవాళ్ళ పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

నాకు వచ్చిందల్లా మెనూ.

పార్లర్లో మూడు పెట్టెలుండేవి. రెండు చిన్నవి, వాటి సంగతి వదిలేయండి. మూడోది మా మరిది దుబాయ్ నుంచి మోసుకొచ్చిన నల్ల పెట్టె. ఒక్కచేత్తో ఎత్తాలంటే మణికట్టు నొప్పి పుట్టేది. కంప్యూటర్లో ఉన్నట్టే అందులో హార్డ్ డిస్కు ఉండేది. ఆట సీడీ వేసి స్విచ్ నొక్కితే సరాసరి ఆటలోకి పోతుంది. సీడీ వేయకుండా నొక్కితే మాత్రం ఆకుపచ్చ తెర వచ్చి, ఏం కావాలో చెప్పమన్నట్టు నాలుగు వరుసలు చూపించి ఊరుకుంటుంది. అదే మెనూ. పిల్లలకు అదంటే చిరాకు, ఎప్పుడు దాటిపోదామా అన్నట్టుండేవారు. నేను అక్కడే ఆగిపోయాను. పొద్దున షట్టర్ ఎత్తాక వాళ్ళు వచ్చేలోపు దొరికే గంటసేపూ నాకు అందులోనే గడిచేది.

మొదటి వరుస మెమొరీ. ఏ ఆటను ఎవరు ఎంతదాకా ఆడి ఆపారో అక్కడ దాచి ఉంటుంది. చెరపాలంటే ఒక్క బొత్తాం నొక్కితే చాలు, "నిజంగా చెరపమంటారా?" అని అడిగి మరీ చెరిపేస్తుంది. నేను ఎవరిదీ చెరపలేదు గానీ, కొట్లాట మొదలైనప్పుడల్లా ఆ తెర తెరిచి ఊరికే నిలబడేదాన్ని. సందులో పోలీసు కూడా అంత తొందరగా సర్దిచెప్పలేడు. ఇంకో వరుస సెట్టింగ్స్. గడియారం, భాష, టీవీ సంగతులు. ఆ గడియారానికి మతిమరుపు. కొన్ని గంటలు కరెంటు లేకపోతే తారీఖు, టైము అన్నీ మర్చిపోతుంది. మా ఆయన సదాశివ కరెంటు పనిలో చేసి రిటైరైన మనిషి కావడంతో, మెయిన్ దించకుండా ఏ గదికీ తాళం వేయడు. మబ్బు పట్టినా దించుతాడు, పక్క సందులో మెరుపు మెరిసినా దించుతాడు. కాబట్టి రోజూ పొద్దున్నే ఇవాళ ఏ తారీఖో ఆ పెట్టెకు నేనే చెప్పాలి. ఇంకో వరుస ఫోను తీగ ద్వారా బయటి ఊళ్ళ వాళ్ళతో ఆడుకోవడానికట. అది మాకు ఒక్కరోజూ పనిచేయలేదు.

మిగిలిన వరుస మ్యూజిక్. నాకు మెనూలో ప్రాణం అదే. మామూలు పాటల సీడీ వేస్తే, అందులోని పాటలను ఒక్కొక్కటిగా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుంటుంది. ఒక గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా నిండుతుంది. తర్వాత సీడీ తీసేసినా పాట అక్కడే ఉంటుంది. ఒక్కటే చిక్కు. లోపలికి పోవడమే గానీ, బయటికి తీసే దారి ఆ మెనూలో లేదు. అబిడ్స్‌లో మా పెట్టెలు బాగుచేసే శ్రావణ్‌ను అడిగితే, "దొంగ కాపీలు చేసుకుంటరని గట్ల పెట్టిన్రు ఆంటీ" అన్నాడు చాలా గంభీరంగా. అలా అంటున్నప్పుడు వాడి వెనక గోడంతా దొంగ కాపీలే.

జ్ఞానమణి టీచర్ పాట ఆ పెట్టెలోకి పోయింది రెండువేల నాలుగు డిసెంబర్లో. ఆమె నాకు ఏడో తరగతిలో తెలుగు చెప్పింది, పాటలు నేర్పింది. మెదక్ నుంచి వచ్చి మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. నా చేతిరాత గుండ్రంగా ఉందంటే ఆమె చలవే, నేను పాడకుండా మానేశానంటే అదీ ఆమె చలవే. "శశీ, నువ్వు చప్పట్లు కొట్టు" అనేది క్లాసులో. ఆమె భర్త హెర్బర్ట్ సార్, గౌలిగూడ డిపోలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కాపురం చాదర్‌ఘాట్‌లో. ఆదివారం మొదటి ఆరాధన అయ్యాక ఇద్దరూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంటూ నడిచి, చివరకు మా పార్లర్ దాకా వచ్చి నా చేతి చాయ్ తాగిపోయేవారు.

వాళ్ళ చర్చి క్వయర్, అదే పాటల బృందం, రాబోయే ఈస్టర్‌కు పాటల సీడీ చేయాలనుకుంది. టీచర్ సొంతంగా కట్టిన పాట ఒకటుంది అందులో. తెల్లవారకముందే ప్రభువు సమాధి దగ్గరికి సుగంధద్రవ్యాలు పట్టుకుపోయే ఆడవాళ్ళ పాట. సమాధికి అడ్డంగా ఉన్న ఆ పెద్ద రాయి మనకెవరు దొర్లిస్తారని దారంతా ఒకరినొకరు అడుగుకుంటూ పోతారు. మిగతావాళ్ళకు వరస తెలియాలని టీచర్ ఒక్కతే స్టూడియోలో ఒకసారి పాడింది. తర్వాత క్వయర్‌లో ఏవో మాటలు పెరిగి సీడీ పని ఆగిపోయింది. మిగిలింది ఆ ఒక్క ట్రయల్ సీడీ. పెన్నుతో రాస్తే పాడవుతుందని టీచర్ దానిమీద పేరు కూడా రాయలేదు.

హెర్బర్ట్ సార్ దాన్ని జేబులో పెట్టుకొచ్చి, "జర పెట్టి వినుండ్రి, మా మేడం ఏం పాడిందో" అన్నాడు. నా దగ్గర సీడీ వినే సాధనం ఆ నల్ల పెట్టె ఒక్కటే. పెట్టాను. నాలుగు నిమిషాల నలభై సెకన్ల పాట. వింటూ చాయ్ పొంగిపోయిన సంగతి కూడా చూసుకోలేదు. టీచర్ మాత్రం, "స్టూడియోల ఏసీ ఎక్కువుండె, గొంతు జర పట్టింది" అని పెదవి విరిచింది. నేను కాపీ బొత్తాం నొక్కి, గీత నిండేదాకా చూసి, తెరమీది అక్షరాలను ఒక్కొక్కటే వెతికి పట్టుకొని, జ్ఞానమణి టీచర్ అని ఇంగ్లీషులో పేరు పెట్టాను. పావుగంట పట్టింది.

ఆ తర్వాత జరిగిన తమాషా నేననుకున్నది కాదు. కార్ల రేసు ఆట ఒకటుంది, అందులో ఆటతో వచ్చిన పాటలు వద్దనుకుంటే పెట్టెలో మనం దాచుకున్న పాటలు పెట్టుకోవచ్చు. పిల్లలకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. ఒకరోజు నేను పాలు తెచ్చి మెట్లెక్కుతుంటే పైనుంచి టీచర్ గొంతు. లోపలికి పోయి చూస్తే ఎర్ర కారు రెండొందల మైళ్ళ వేగంతో పోతోంది, వెనక ఈస్టర్ పాట. "మార్చమంటరా ఆంటీ?" అన్నాడు ఆడేవాడు. "పెట్టిందెవరు?" అన్నాను. "నేనే. మంచిగుంది, మలుపుల కాడ తొందర పడనిస్తలేదు" అన్నాడు. టీచర్‌కు ఈ సంగతి చెప్తే కోప్పడుతుందనుకున్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది.

మరుసటేడు ఎండాకాలంలో టీచర్ గొంతుకు ఆపరేషన్ అయింది. థైరాయిడ్ గడ్డ. చెడ్డది కాదన్నారు, మంచిగనే తీశామన్నారు. కానీ గొంతు తిరిగి రాలేదు. చెవి దగ్గర పెడితే వినిపించేంత గుసగుస మిగిలింది. టీచర్ దాని గురించి ఎవరి దగ్గరా ఒక్క మాట ఎత్తలేదు. ఆదివారాలు వచ్చేది, చాయ్ తాగేది, కొన్న పుస్తకాలు చూపించేది. నేనే ఆమె వంతు కూడా మాట్లాడి ఆ ఖాళీ నింపేదాన్ని.

అదే ఏడు అక్టోబర్లో మా ఆయన మా మెనూను చంపాడు. ఈ మాట ఆయన ఎదుట కూడా అంటాను. నేను పిల్లలు అడిగిన కొత్త పాటల సీడీ కాపీ చేస్తున్నాను. గీత సగం నిండింది. కాపీ అయ్యేదాకా ఆపొద్దని తెరమీద రాసే ఉంది. చాదర్‌ఘాట్ వైపు ఎక్కడో ఉరిమింది. ఆయన పరుగున వచ్చి మెయిన్ దించాడు.

మళ్ళీ వేస్తే ఆకుపచ్చ తెర రాలేదు. మూలన ఒక నంబరు, కింద ఆరేడు భాషల్లో పెట్టెను రిపేరుకు పట్టుకెళ్ళమన్న వాక్యం. తెలుగులో లేదు. "ఉరుము ఉరిమింది గదా" అన్నాడాయన. "మీరు దించకపోతే ఉరుము దిగి వచ్చేదా మన పార్లర్‌కి?" అన్నాను. రెండురోజులు ఆయనకు నా నోటినుంచి ఇంకో మాట దొరకలేదు. ఆట సీడీ వేసి స్విచ్ నొక్కితే ఆటలు మాత్రం చక్కగా వస్తున్నాయి. పిల్లలకు ఏ లోటూ లేదు. లోటంతా నాకే. తారీఖు అడిగేవాళ్ళు లేక పొద్దుటి గంట బోసిపోయింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం హెర్బర్ట్ సార్ ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. జేబులోంచి రుమాలు తీసి విప్పితే అందులో ఒక సీడీ. మధ్య రంధ్రంలో తెల్లదారం ముడి అలాగే ఉంది. పైన వెండిపూత పొలుసులుగా లేచిపోయి, అవతలివైపు వెలుతురు కనిపిస్తోంది.

"మా బాల్కనీల పావురాల లొల్లి మీకెరుకే గదమ్మా" అన్నాడు. "ఖరాబైన సీడీలు కడితె బెదురుతయన్నరు. శ్రావణ్ కాడ పది తెచ్చి కట్టిన. ఒక మూలకు తక్కువైంది. అల్మారీల పేరు లేని సీడీ ఒకటుంటే, ఖాళీదేమో అనుకొని అదీ కట్టేసిన. ఎనిమిది నెలలాయె."

"పావురాలు బెదిరాయా?" అన్నాను. ఏమనాలో తోచనప్పుడు నా నోటికి ఇలాంటివే వస్తాయి.

"ఏడ బెదురుతయమ్మా. దాని మీద్నే కూసుంటున్నయి."

ఇప్పుడెందుకు బయటపడిందంటే, ఈస్టర్‌కు టీచర్ పాటను జెర్లిన్ అనే అమ్మాయి పాడాలి. క్వయర్‌లో కొత్తగా చేరింది, గొంతు బాగుంటుందట. టీచర్ హార్మోనియం మీద మెట్లు నొక్కి చూపిస్తోంది. కానీ ఆ పాట మెట్ల మీద లేదు, మెట్లకూ మెట్లకూ నడుమ ఉంది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ జారాలి అన్నది గొంతుతోనే చెప్పాలి. నెలరోజులు తంటాలు పడి టీచర్ చివరకు, ఆ సీడీ పిల్లకివ్వమని కాగితం మీద రాసిందట. ఈయన సీడీ ఎవరికో ఇచ్చానని అబద్ధం చెప్పి, రెండు వారాలుగా ఇంట్లో దొంగలా తిరుగుతున్నాడు.

"ఆమె పాటలు ఇరవై ఉంటయమ్మా. ఒక్కదానికీ స్వరం రాసి పెట్టలే. నోటికొచ్చినదాన్ని రాసుడెందుకంటుండె. ఇప్పుడు గా నోరే లేకపాయె. ఈ ఒక్కటి గూడ నా చేతులతోని నేనే ఎండబెట్టిన." అని ఆయన నా ముందు కళ్ళు తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. గ్లాసుతో నీళ్ళు ముందు పెట్టాను.

"ఫికర్ చేయకండి సార్. పాట మా పెట్టెలో ఉంది" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆ పాటను చూపించే మెనూ లేదని.

పెట్టెను సంచిలో వేసుకొని మర్నాడే అబిడ్స్ పోయాను. శ్రావణ్ విప్పి, ఊది, తీగలు పెట్టి చూసి, "మెనూ పోయింది ఆంటీ. కొత్తది ఎక్కిస్త. గంట పని" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. "కానీ డిస్కు మొత్తం కడిగేసి ఎక్కించాలె. అందులున్నయన్నీ పోతయి" అన్నాడు. లేచిన ప్రాణం మళ్ళీ కూర్చుంది.

"పాటలు ముందే పోయాయా, నువ్వు కడిగితే పోతాయా?"

"పాటలు ఉండే ఉంటయి. మెనూ అంటే గదీ ఒక ప్రోగ్రామే. ఆటెట్లనో అదీ అట్లనే. పాటలను చూపిస్తది, వాయిస్తది. అది ఖరాబైతే పాటలు ఖరాబైనట్టు కాదు. చూపెట్టెటోడు లేడు, గంతే."

"మరి పాటలు మాత్రం తీసి ఇవ్వరాదా?"

"నా కాడ గా సామాను లేదాంటీ. బొంబాయి పంపాలె. వాళ్ళు గూడ కడిగే పంపుతరు. పాటలేంది, నూరు పాటల సీడీ నేనిస్త" అన్నాడు. పాపం వాడికేం తెలుసు. పెట్టెను మళ్ళీ సంచిలో వేసుకొని, జనరల్ పోస్టాఫీసు ముందునుంచి నాంపల్లి దాకా నడిచాను. బస్సెక్కితే ఆలోచన సాగదు నాకు.

చూపెట్టేవాడు లేడు, గంతే. ఆ మాటే తిప్పి తిప్పి అనుకుంటూ పోతున్నాను. మెనూ పాటలను చూపిస్తుంది. సరే. ఇంకెవరైనా చూపిస్తారా? యూసుఫైన్ దర్గా మలుపు దగ్గర, రెండొందల మైళ్ళ వేగంతో పోయే ఎర్ర కారు గుర్తొచ్చింది. నడిరోడ్డు మీద ఆగిపోయాను. వెనకనుంచి ఆటోవాడు ఉర్దూలో నా పుట్టుపూర్వోత్తరాలు విచారించాడు. పట్టించుకోలేదు.

పార్లర్‌కు పోగానే కార్ల ఆట వేశాను. మెనూ ఊసే లేకుండా సరాసరి ఆట తెరుచుకుంది. ఆటలో సంగీతం అన్నచోటికి పోయాను. ఆటతో వచ్చిన పాటలు, వాటి కింద నేను దాచుకున్న పాటలు. కిందికి, ఇంకా కిందికి. పావుగంట కష్టపడి నేను పెట్టుకున్న పేరు అక్కడ నిక్షేపంగా ఉంది. సదాశివను పిలిచి చూపించాను. ఆయన మెయిన్ స్విచ్చు వైపు ఒకసారి చూసి, బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఉపాయం సులువే. పెట్టె నుంచి టీవీకి మూడు తీగలు పోతాయి. పసుపుది బొమ్మకు, ఎరుపూ తెలుపూ శబ్దానికి. పసుపు తీగను టీవీకే ఉంచి, మిగతా రెండూ మా ఇంటి టేప్ రికార్డర్ వెనక గుచ్చితే పాట క్యాసెట్‌లోకి దిగుతుంది. ఇంజన్ల చప్పుడు, టైర్ల చప్పుడు ఆటలోనే సున్నాకు తగ్గించుకోవచ్చు. తగ్గించాను. ఇక మిగిలింది చిన్న పనే అనుకున్నాను.

ఆ చిన్న పనికి ఆదివారం పొద్దున హెర్బర్ట్ సార్ వచ్చాడు, కొత్త క్యాసెట్‌తో. టీచర్‌ను అబిడ్స్‌లో పుస్తకాల దగ్గర వదిలి, చెప్పు తెగింది, కుట్టించుకొస్తానని చెప్పి వచ్చాడట. నిజంగానే ఒక చెప్పు తెంపుకొని వచ్చాడు. అబద్ధాలు అలవాటు లేనివాళ్ళతో ఇదే బాధ.

చిక్కంతా అప్పుడే బయటపడింది. రేసు మొదలైతేనే పాట మొదలవుతుంది, రేసు అయిపోతే పాట తెగిపోతుంది. కారును ఊరికే నిలబెడదామంటే, కాసేపు చూసి, ఆడేవాళ్ళెవరూ లేరనుకొని ఆట దానంతటదే మొదటికి పోతుంది. గోడను గట్టిగా గుద్దినా మొదటికే. అంటే నాలుగు నిమిషాల నలభై సెకన్లు, ఎక్కడా ఆగకుండా, దేన్నీ గుద్దకుండా, రేసు ముగిసే గీత దాటకుండా కారు నడవాలి. అన్నిటికన్నా పొడుగైన దారి తీసుకున్నా, బాగా నడిపేవాడికి నాలుగు నిమిషాలకు మించదు.

కంట్రోలర్ ముందు నేను పట్టాను. మొదటి మలుపు. గోడ. మళ్ళీ పట్టాను. అదే మలుపు, అదే గోడ. మూడోసారి మలుపు దాటాను గానీ పల్లవి దాటలేదు.

"ఇటియ్యమ్మా" అని హెర్బర్ట్ సార్ తీసుకున్నాడు. పది నిమిషాలు చెయ్యి కుదుర్చుకున్నాక చూడాలి ఆయన్ను. మలుపు వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా అటు వంచుతాడు. ఒక్క గోడ తగల్లేదు. ఒక్కొక్క కారునే దాటేసి మూడు నిమిషాల యాభై సెకన్లకు మొదటి స్థానంలో గీత దాటాడు. ఆఖరి చరణానికి ముందే పాట తెగింది. తెరమీద బాణసంచా.

"మెల్లగా సార్" అన్నాను.

"మెల్లగనే పోయిన" అన్నాడు.

మళ్ళీ ఆడాడు. రెండో స్థానం. మళ్ళీ. మొదటి స్థానం. వెనక బండి కనిపిస్తే ఆయన కాలు ఆగదు. చేతిలో ఉన్నది బొత్తామే అయినా, కింద ఆ తెగని చెప్పున్న పాదం నేలను తొక్కుతూనే ఉంది. "ముప్ఫై ఏండ్లు టైముకు పోవుడే నేర్పిన్రమ్మా. లేటుగ పోవుడు ఎవ్వరు నేర్పలే" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. ఓడిపోవడం కూడా ఇంత కష్టమా అని నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

నాలుగోసారి పాట మొదలైంది. టేప్ రికార్డర్ గొంతు పెద్దది, గదంతా టీచర్ గొంతే. మొదటి చరణం అవుతుండగా తలుపు దగ్గర నీడ పడింది. జ్ఞానమణి టీచర్. ఒక చేతిలో పుస్తకాల సంచి, ఇంకో చేత్తో ద్వారబంధం పట్టుకొని నిలబడి ఉంది. ఆయన చెప్పు కుట్టించుకొని ఎంతకూ రాకపోతే వెతుక్కుంటూ వచ్చింది. మెట్ల మొదట్లోనే వినపడి ఉంటుంది. ఎంతసేపటినుంచి అక్కడుందో తెలియదు.

హెర్బర్ట్ సార్ బొత్తాం వదిలేశాడు. కారు పోయి గోడకు కొట్టుకుంది, పాట ఆగింది.

"మణీ" అన్నాడాయన. "సీడీ ఎవ్వరికీ ఇయ్యలే నేను. పావురాలకు కట్టిన. ఖరాబైంది. నేనే ఖరాబు చేసిన."

టీచర్ ఆయన మొహం వంక చూసింది, తెగిన చెప్పు వంక చూసింది. సంచి నా చేతికిచ్చి, ఆయన పక్కన కూర్చొని, కంట్రోలర్ కోసం చెయ్యి చాపింది. నేను రేసు సంగతి, గీత సంగతి, క్యాసెట్ సంగతి గబగబా చెప్పాను. ఆమె తలూపుతూ వింది. ఏ బొత్తాం నొక్కితే కదులుతుందో, ఏది తిప్పితే తిరుగుతుందో రెండుసార్లు చూపించుకుంది. క్లాసులో కొత్త పాఠం మొదలుపెట్టే ముందు చేసినట్టు వెన్ను నిటారుగా పెట్టింది. హెర్బర్ట్ సార్ క్యాసెట్ వెనక్కి తిప్పి రికార్డు బొత్తాం నొక్కాడు.

మిగతా కార్లన్నీ రివ్వున పోయాయి. టీచర్ కారు ఆదివారం ఆరాధనకు పోయే రిక్షాలా కదిలింది. మలుపు దగ్గర ఇంకా నెమ్మదించి, తిరిగి, సాగింది. ఆమెకు దాటాల్సిన వాళ్ళెవరూ లేరు. పాట పల్లవి దాటింది, మొదటి చరణం దాటింది. ఆ ఆడవాళ్ళు చీకట్లో నడుస్తూ ఒకరినొకరు అడుగుకుంటున్నారు. టీచర్ పెదవులు కదులుతున్నాయి. గొంతులోంచి ఏమీ రావడం లేదు. ఆ గొంతంతా పక్కనున్న డబ్బాలోంచి వస్తోంది. నేను అటు చూడలేక తెర వైపు తిప్పుకున్నాను మొహం.

కానీ ఆమె మరీ అంత నెమ్మది కూడా కాదు. ఆఖరి చుట్టు, ఆఖరి మలుపు. తిరగ్గానే ఎదురుగా గీత, దాని పైన జెండాలు. పాటలో ఆఖరి చరణం ఇంకా మొదలవుతోంది. "మణీ, గీత" అన్నాడు హెర్బర్ట్ సార్, రికార్డర్ మీద రెండు చేతులూ పెట్టి, దాన్ని కాపాడుకుంటున్నట్టు.

టీచర్ గీత ముందు కారును మెల్లగా పక్కకు తిప్పింది. ఇంకా తిప్పింది. వెనక్కి తిప్పేసింది. తెర నడుమ ఎర్రటి అక్షరాలు వెలిగి ఆరడం మొదలుపెట్టాయి, తప్పుదారిలో పోతున్నావని. ఆమె వాటిని చూసింది, చూసి, వచ్చిన దారినే కారును నడిపించుకుంటూ పోయింది. తొమ్మిదేళ్ళలో ఎంతమంది పిల్లలు ఆ ఆట ఆడారో నాకు లెక్క లేదు. ఒక్కరికీ ఆ పని చేయాలని తోచలేదు.

ఆఖరి చరణంలో రాయి దొర్లి ఉండటం చూస్తారు వాళ్ళు. ఆ మాట దగ్గర గొంతు పైకి పోయి, అక్కడ నిలబడి, దిగడానికి తొందరేమీ లేదన్నట్టు నిదానంగా దిగుతుంది. దిగింది. పాట అయిపోయింది. హెర్బర్ట్ సార్ టక్కున బొత్తాం నొక్కి, "పట్టుకున్నం మణీ. మొత్తం పట్టుకున్నం. ఇగ ఆపెయ్యి" అన్నాడు.

ఆమె తలూపింది. వేలు మాత్రం తీయలేదు.

ఆట పాటను మళ్ళీ మొదలుపెట్టింది. ఎర్ర అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. టీచర్ నా వైపు కొద్దిగా వంగి, చెవి దగ్గర గుసగుసగా, "రెండో చరణంల జర తొందరపడ్డ. గది జెర్లిన్‌కు చెప్పాలె" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. బయట మెట్ల మీద పిల్లల అడుగులు వినిపించాయి. పోయి తలుపు సగం మూసి, ఇవాళ ఆలస్యమవుతుంది, కూర్చోండని చెప్పాను. తిరిగొచ్చి చూస్తే హెర్బర్ట్ సార్ మొహాన్ని రెండు చేతుల్లో దాచుకున్నాడు. టీచర్ ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, ఇంకో చేత్తో కారును వెనక్కే నడుపుతోంది.